ఒంటరిగా అడిగినప్పుడు

క్లచ్ మాస్టారి అసలు పేరు ఆసుపత్రి మంచానికి తగిలించిన చీటీ మీద తప్ప ఇంకెక్కడా కనపడేది కాదు. ఊళ్లో కారు నడపడం నేర్చుకున్నవాళ్లలో సగంమంది ఆయన పక్కన కూర్చుని, "క్లచ్... క్లచ్... క్లచ్ అంటుంటే బ్రేకు తొక్కుతావేంటి నాయనా" అని చీవాట్లు తిన్నవాళ్లే. అలా ఆ పేరు అతుక్కుపోయింది. భారీ మనిషి. ఆయన ఎక్కితే కారు ఆ పక్కకి ఒరిగేది. మందు చుక్క ముట్టి ఎరగడు. ఎప్పుడో పట్టిన కామెర్ల వైరసు చడీచప్పుడు లేకుండా ఏళ్ల తరబడి కాలేయాన్ని లోలోపల తినేసింది. అయినా లివర్ పాడైందనగానే పలకరించడానికి వచ్చిన ప్రతివాడూ ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించి, అలవాటేమైనా ఉండేదా అని అడిగేవాడు. మొదట్లో ఆయన భార్యకి ఒళ్లు మండేది. తర్వాత్తర్వాత జవాబు చెప్పడమే మానేసింది.

ఆయనకి మిగిలిన దారి ఒక్కటే. బతికున్న మనిషి కాలేయంలో కుడి సగం కోసి తీసి ఆయనకి అమర్చాలి. ఇచ్చినవాళ్లలో మిగిలిన ముక్క కొన్ని నెలల్లో మళ్లీ పెరుగుతుంది. పుచ్చుకున్న మనిషిలోనూ పెరుగుతుంది. కాకపోతే బ్లడ్ గ్రూపు కలవాలి, ఇచ్చే మనిషి ఆరోగ్యంగా ఉండాలి, ముక్క పుచ్చుకునే ఒంటికి చాలినంత ఉండాలి. భార్యకి షుగరు, పైగా వయసు మీదపడింది. ఇద్దరు పిల్లలకీ గ్రూపు కలిసింది. కొడుకు లిఫ్టు మెకానిక్కు, తండ్రి పోలికే, ఎత్తూ లావూ. కూతురు తల్లి పోలిక, గాలి గట్టిగా వీస్తే పట్టుకోవాల్సినంత సన్నం. కళ్లద్దాల షాపులో పనిచేసేది. ఇంట్లో దీని గురించి చర్చంటూ ఏమీ జరగలేదు. కొడుకు ఇస్తాడని అందరూ అనుకున్నారు. కొడుకు కూడా అందరి ముందూ ఆ మాటే అన్నాడు.

ఆ ఆసుపత్రిలో ఒక పద్ధతి ఉంది. ఇచ్చేవాళ్లని ఆపరేషను ఖాయం చేసేముందు మత్తు డాక్టరు చూడాలి. గుండె, ఊపిరి, పళ్లు, మెడ ఎంత వంగుతుంది, నోరు ఎంత తెరుచుకుంటుంది, అన్నీ చూశాక తలుపు వేసి, ఇది మీ ఇష్టంతోనే చేస్తున్నారా అని అడగాలి. ఆ మనిషి వద్దంటే అక్కడితో ఆపేస్తారు. ఇంట్లోవాళ్లకి కారణం చెప్పరు, ఈ మనిషి పనికిరారు అని మాత్రం చెప్తారు. లేకపోతే వద్దన్న మనిషిని ఇంట్లోవాళ్లు బతకనివ్వరని పెద్ద సర్జను ఎప్పుడో పెట్టిన నియమం అది. ఏళ్లుగా ఆ పని చేస్తున్నది ఒక మత్తు డాక్టరమ్మ. పెళ్లిళ్లకి వెళ్లినా కొత్తవాళ్ల మెడలూ దవడలూ చూసి, వీళ్ల గొంతులో ఊపిరి గొట్టం వేయడం తేలికా కష్టమా అని లెక్కలేసుకునే మనిషి. ఆ సంగతి తెలిసిన ఆడపడుచు ఆవిడ ముందు నోరు తెరిచి నవ్వేది కాదు.

కొడుకుని చూడటం సగంలో ఉండగానే డాక్టరమ్మకి తేడా తెలిసింది. నాడి పరుగెడుతోంది. అరచేతులు చల్లగా తడిగా ఉన్నాయి. ఆవిడ తలుపు వేసి అడగాల్సింది అడిగింది. అతను చాలాసేపు గోడకున్న ఊపిరితిత్తుల బొమ్మ వైపు చూస్తూ కూర్చున్నాడు.

"మేడం, లిఫ్టు గొయ్యిలో తాడుకి వేలాడుతూ పనిచేస్తాన్నేను. కింద చూసినా నాకేం కాదు. కానీ కడుపు కోసి సగం తీస్తారని విన్నదగ్గర్నుంచి నాకు అన్నం సయించట్లేదు. నాన్నంటే నాకు ప్రాణం. ఇది మాత్రం నావల్ల కాదు. నేనీ మాట మా అమ్మతో చెప్పలేను. మీరే ఏదో ఒకటి చెప్పండి."

చెప్పి, తలెత్తకుండా ఏడ్చాడు. డాక్టరమ్మ అతన్ని తొందరపెట్టలేదు. భయపడటం నేరం కాదనీ, ఒంటరిగా అడిగేది ఇందుకేననీ, ఈ మాట ఈ గది దాటదనీ చెప్పింది. అతను ముఖం కడుక్కుని వెళ్లాడు.

బయట వరండాలో తల్లీ కూతురూ బెంచీ మీద కూర్చుని ఉన్నారు. డాక్టరమ్మ వాళ్లకి, అబ్బాయి పనికిరాడని చెప్పింది. నియమం ప్రకారం అక్కడితో ఆగాలి. కానీ ఆ తల్లి ముఖం పాలిపోయింది. మా వాడికేమైంది, వాడికీ ఏదైనా జబ్బా అని డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని వదల్లేదు. డాక్టరమ్మ ఒక మాట ఎక్కువ మాట్లాడింది. ఊపిరితిత్తుల్లో చిన్న తేడా ఉందనీ, మామూలు బతుక్కి ఏమీ కాదనీ, అంత పెద్ద మత్తుకి మాత్రం పనికిరాదనీ అంది. తల్లి ఊపిరి పీల్చుకుంది. ఆ మర్నాటినుంచి కొడుకు మెడకి మఫ్లరు చుట్టడం, పొద్దునా సాయంత్రం వేడినీళ్ల ఆవిరి పట్టించడం మొదలుపెట్టింది. ఇంత ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి దుప్పటి ముసుగులో తలదూర్చి కూర్చునేవాడు. కొన్నాళ్లకి తల్లి ఎదురైనప్పుడల్లా కాస్త దగ్గడం కూడా అలవాటు చేసుకున్నాడు.

ఇక కూతురే మిగిలింది. స్కాను తీసి ఆమె కాలేయం కొలిచారు. కుడి సగం మాస్టారి ఒంటికి సరిగ్గా అంచున ఉంది. కొడుకుదైతే హాయిగా సరిపోయేది, ఇది చాలీచాలనట్టుంది. మీటింగులో పెద్ద సర్జను, ఇంతకన్నా తక్కువతో బతికినవాళ్లూ ఉన్నారన్నాడు. మాస్టారికి రోజులు దగ్గర పడుతున్నాయి, పొట్టలో నీరు తీసిన కొద్దీ ఊరుతోంది, ఒక్కోరోజు భార్యనే గుర్తుపట్టడం లేదు. చనిపోయినవాళ్ల అవయవం కోసం కట్టిన వరసలో ఆయన ముందు ఇంకా చాలామంది ఉన్నారు. అందరూ సరేనన్నారు. డాక్టరమ్మ కూడా సరేనంది.

కూతుర్ని ఒంటరిగా కూర్చోబెట్టినప్పుడు నాడి మామూలుగానే ఉంది. ఎవరి బలవంతమూ లేదు కదా అని అడిగితే, లేదండీ అంది. ప్రాణానికి కొద్దిపాటి ప్రమాదం ఉంటుందని విడమరిచి చెప్తే తలూపింది. మళ్లీ ఇంకోసారి అడిగితే, మళ్లీ లేదండీ అంది. తర్వాత తనకి కావలసినవి తను అడిగింది. కళ్లద్దాలు ఎక్కడ పెడతారు, లేచాక ఎవరిస్తారు, అవి లేకపోతే మనుషులు మసకగా కనిపిస్తారు, అదొక్కటే తనకి కంగారు అంది. ఆ అద్దాలు షాపులో తనే అరగదీసి చేసుకుందట. డాక్టరమ్మ నవ్వి, తన జేబులోనే పెట్టుకుంటానంది.

ఆపరేషను రోజు పక్కపక్క గదుల్లో రెండు బల్లలు సిద్ధం చేశారు. తండ్రికి మత్తు ఇచ్చేది పెద్ద మత్తు డాక్టరు, ఆయన్ని అందరూ పెద్దాయన అనేవారు. కూతురికి డాక్టరమ్మ. వెన్నులో సన్నటి గొట్టం పెట్టేటప్పుడు కూతురు దిండుని కావలించుకుని కూర్చుని నర్సుతో కబుర్లాడింది. తర్వాత పడుకోబెట్టారు. డాక్టరమ్మ ఆమె అద్దాలు తీసి జేబులో వేసుకుని, చెయ్యి పట్టుకుని, నెమ్మదిగా మందు ఎక్కించింది. పట్టు సడలింది. గొంతులో గొట్టం, మణికట్టులో ఒకటి, మెడలో ఒకటి. ఒళ్లు చల్లబడకుండా వెచ్చటి గాలి నింపే దుప్పటి.

కాలేయం కోసేటప్పుడు మత్తు డాక్టరు చేయాల్సిన పని చూసేవాళ్లకి వింతగా ఉంటుంది. మామూలుగా మనిషిని నీళ్లతో నింపి ఉంచితే ధైర్యం. ఇక్కడ ఎండబెట్టాలి. గుండెకి రక్తం తెచ్చే పెద్ద సిర నిండుగా ఉంటే కాలేయం తడిసిన స్పాంజిలా ఉబ్బుతుంది, కత్తి పెట్టిన చోటల్లా రక్తం ఉరుకుతుంది. అందుకని సెలైను చుక్కలు చుక్కలుగా పోనిస్తూ, ఆ సిరలో ఒత్తిడి బాగా తగ్గించి, అదే సమయంలో మెదడుకీ మూత్రపిండాలకీ రక్తం అందేలా చూడాలి. తాడు మీద నడకే. ఎండిన మనిషికి హఠాత్తుగా రక్తం పోతే వెనక నిల్వ ఉండదు.

పెద్ద సర్జను ఆ ఒత్తిడి ఇంకా తగ్గించమన్నాడు. డాక్టరమ్మ తగ్గించింది. సగం కోత బాగానే సాగింది. కాలేయం మధ్యలో ఉన్న సిర దగ్గర ఒక కొమ్మ చిరిగింది. రక్తం పొట్టలో మడుగు కట్టి, సర్జను వేళ్లు కనపడటం మానేశాయి. పీల్చే గొట్టం గలగలమని శబ్దం చేసింది. మానిటరులో నాడి గీత పలచబడింది. డాక్టరమ్మ సెలైను బిరడాలన్నీ వదిలి, రక్తం సంచి పిండుతూ, రక్తపోటు నిలిపే మందు ఇస్తూ, బల్లని తలవైపు కిందికి వంచింది. తెరుచుకున్న సిరలోకి గాలి పోకూడదు.

"సర్, ఇక ఆగండి. అదిమి పట్టుకోండి. నేను చెప్పేదాకా కుట్టొద్దు" అంది.

పెద్ద సర్జనుతో ఆ గదిలో అలా మాట్లాడేవాళ్లు లేరు. ఆయన అరచేయి అలాగే అదిమిపెట్టి కదలకుండా నిలబడ్డాడు.  గీత మెల్లగా మళ్లీ లేచింది. ఆవిడ సరేనన్నాక ఆయన సూది తీసుకుని ఆ కొమ్మని కట్టేశాడు. ఆ తర్వాత కాలేయం ముక్క మంచు నింపిన గిన్నెలో పక్క గదికి వెళ్లింది. పొట్ట మూశాక కూతురు బల్ల మీదే కళ్లు తెరిచింది. గొట్టం తీయగానే ఆమె మొదట గాలిలో చెయ్యి చాపింది. డాక్టరమ్మ జేబులోంచి అద్దాలు తీసి పెట్టింది. నాన్నకెలా ఉందని గొంతు పెగలకపోయినా అడిగింది. పెడుతున్నారమ్మా, నువ్వు నిద్రపో అంది డాక్టరమ్మ.

ఆమెని ఐసీయూకి పంపి డాక్టరమ్మ పక్కగదిలోకి వెళ్లేసరికి కొత్త ముక్కకి రక్తం వదిలే ఘట్టం వచ్చింది. బిగింపులు తీయగానే మంచులో నిద్రపోయిన కాలేయంలోని చల్లటి, పులిసిన రక్తం ఒక్కసారిగా గుండెకి తగులుతుంది. మాస్టారి గుండె తడబడింది, నెమ్మదించింది, గీత దాదాపు చదునైపోయింది. పెద్దాయన ముందే సిద్ధంగా ఉంచుకున్న మందులు ఒకదాని వెనక ఒకటి ఎక్కించాడు. గొంతు పెంచలేదు. గుండె అందుకుంది. బూడిదరంగులో ఉన్న ముక్క చూస్తుండగానే ఎర్రబారింది. కాసేపటికి దాని కొసనున్న నాళంలోంచి పసుపుపచ్చటి పైత్యరసం ఒక చుక్క జారింది. పెద్ద సర్జను ఆ చుక్కని చూసి మాస్కు లోపలే నవ్వాడు. ఆ రోజు ఆ గదిలో ఉన్న అందరూ, మాస్టారు బతికాడనుకుంటూనే ఇళ్లకి వెళ్లారు.

రెండు రోజులు మాస్టారు బాగానే ఉన్నాడు. గొట్టం తీశాక నర్సు వీల్‌చైరు తిప్పుతుంటే, క్లచ్ అన్నాడు. ఆ మాట ఆసుపత్రంతా పాకింది. తర్వాత పైత్యరసం తగ్గింది. కళ్లు మళ్లీ పచ్చబడ్డాయి. చిన్న ముక్క మీద పెద్ద ఒంటి రక్తమంతా వచ్చి పడుతోంది, అది మొయ్యలేకపోతోంది. రక్తం గడ్డకట్టడం మానింది. పొట్టలో నీరు ఊరింది. పెద్ద సర్జను మళ్లీ తెరిచి, ఆ ప్రవాహం తగ్గించడానికి ఒక రక్తనాళం కట్టాడు. కొంచెం తెరిపినిచ్చినా పరిస్థితి మళ్లీ దిగజారింది. అత్యవసర వరసలో పేరు పెట్టారు. అవయవం రాలేదు. మాస్టారు మగతలోకి జారి, ఆ మగతలోనే ఒక మధ్యాహ్నం పోయాడు. కూతురు అప్పటికింకా పై అంతస్తులో, పొట్ట పట్టుకుని వరండాలో నడక నేర్చుకుంటోంది. ఆమెకి ఆ సంగతి తల్లే వెళ్లి చెప్పింది. వార్డులో ఉన్న నర్సులు ఆ అమ్మాయి ఏడవలేదనీ, కోత మీద రెండు చేతులూ అదిమిపట్టుకుని మంచం అంచున కూర్చుందనీ చెప్పారు. ఏడిస్తే కుట్లు లాగుతాయి కదా.

శవాన్ని తీసుకువెళ్లే ముందు కొడుకు డాక్టరమ్మని వెతుక్కుంటూ వచ్చాడు. మెడకి మఫ్లరు అలాగే ఉంది.

"నాదైతే సరిపోయేదా మేడం?" అని అడిగాడు.

ఆవిడ అబద్ధం చెప్పదలుచుకోలేదు. నిజం చెప్పే ధైర్యమూ చాల్లేదు. పెద్ద ముక్క పెట్టినా పోయినవాళ్లున్నారు, నాకు తెలియదు బాబూ అంది. అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ అతని ముఖంలోకి చూడలేకపోయింది. అతను ఆ చూడకపోవడాన్నే జవాబుగా తీసుకుని వెళ్లాడు.

వానాకాలం వెళ్లి చలి మొదలైనప్పుడు కూతురు మళ్లీ వచ్చింది. కాలేయం చక్కగా పెరిగింది. కానీ కోత కిందిభాగం సరిగ్గా అతుక్కోలేదు. దగ్గినప్పుడు, బరువెత్తినప్పుడు అక్కడ ముద్దలా పొడుచుకొస్తోంది. మెష్ అనే సన్నటి వలముక్క పెట్టి కుట్టాలి, చిన్న ఆపరేషనే, మళ్లీ మత్తు మాత్రం కావాలి. అలా ఆమె మళ్లీ డాక్టరమ్మ గదిలోకి వచ్చి, అదే కుర్చీలో కూర్చుంది. ఇంకా సన్నబడింది. డాక్టరమ్మ పరీక్ష మొదలుపెట్టబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

అన్నయ్య చెప్పేశాడంది. ఒకరోజు అమ్మ అతని ఛాతీకి జండూబామ్ రాస్తుంటే, ఉన్నట్టుండి ఆవిడ చెయ్యి తోసేసి, నాకే రోగమూ లేదమ్మా, నేను భయపడ్డాను, అంతే అన్నాడట. అమ్మ డబ్బా మూత పెట్టి లోపలికి వెళ్లిపోయిందట. ఆ తర్వాత ఆవిడ అతనికి అన్నం పెడుతోంది, బట్టలు ఉతుకుతోంది, మాట మాత్రం లేదు. అతను నాన్న కారు తీసి అప్పుడప్పుడు పాఠాలు చెప్తున్నాడు. నేర్చుకునేవాళ్లు తప్పు తొక్కినా ఒక్క మాట అనడట.

డాక్టరమ్మ వింది. ఏదో ఒకటి అనాలి కాబట్టి, మీ అన్నయ్య మాట నీకు చెప్పే హక్కు నాకు లేదమ్మా అంది.

"తెలుసండీ. వాడి మాట మీరు దాచారు, అది మంచిదే. నేను అడిగేది అది కాదు" అంది ఆ అమ్మాయి. కళ్లద్దాలు తీసి పైటకొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది. "నన్ను కూడా మీరు ఒంటరిగా అడిగారు. గుర్తుందా? రెండుసార్లు అడిగారు."

"గుర్తుంది. నువ్వు ఇష్టమేనన్నావు."

"వాడు పనికిరాడని మీరు చెప్పిన తర్వాత అడిగారండీ. అప్పటికి నా వెనక ఎవరూ లేరు. నేను వద్దంటే నాన్న చచ్చిపోతాడు, అంతే. వాడు వద్దన్నప్పుడు వాడి వెనక నేనున్నాను. నాకూ భయమేసిందండీ. వాడికన్నా ఎక్కువే వేసింది. మీరు తలుపు వేసి అడిగినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇక అడగడమెందుకు అనిపించింది. అందుకే అద్దాల గురించి మాట్లాడాను."

డాక్టరమ్మకి ఆ రోజు నాడి గుర్తొచ్చింది. మామూలుగా ఉందనే కదా ఆవిడ ధైర్యంగా ముందుకెళ్లింది. భయానికి ఎటో ఒక దారి తెరిచి ఉంటేనే నాడి పరుగెడుతుందనీ, అన్ని దారులూ మూసుకుపోయాక కుదుటపడిపోతుందనీ ఇన్నేళ్ల సర్వీసులో ఆవిడకి తట్టలేదు.

"అన్నయ్యని ఏమైనా అన్నావా?" అని అడిగింది చివరికి.

ఏమీ అనలేదంది. ఏమనాలో తెలియట్లేదట. భయపడినందుకు కోపమా అంటే కాదు, తనూ భయపడింది. ముందు తప్పించుకున్నాడని కోపమేమో. ఆ మాట బయటికి అంటే తనకే చిన్నతనంగా ఉంటుందంది. నాన్న పోవడం ఒక ఎత్తు, నా ముక్క చాలక పోవడం ఇంకొక ఎత్తు అండీ అంది మెల్లగా. నీ తప్పేమీ లేదని డాక్టరమ్మ చెప్పబోయింది. ఆ మాట ఆ అమ్మాయికి ఇప్పటికే ఎంతమంది చెప్పి ఉంటారో తోచి ఊరుకుంది. తన తప్పు గురించి చెప్పుకోవాలనిపించింది. అది కూడా ఆ అమ్మాయి మీద ఇంకో బరువు పెట్టడమే అవుతుంది.

"నన్ను క్షమించమని అడగనమ్మా. అడిగే పద్ధతి తప్పు. అది మాత్రం నేను మార్పిస్తాను" అంది.

"మార్పించండి" అంది ఆ అమ్మాయి. లేచి నిలబడి, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, తలుపు దాకా వెళ్లి ఆగింది. "ఇంకొక్క మాట. ఈసారి మత్తు వేరేవాళ్ల చేత ఇప్పించండి. మీరంటే కోపం కాదు. మీ చెయ్యి పట్టుకుంటే మళ్లీ ఆ రోజే గుర్తొస్తుంది."

అలాగేనంది డాక్టరమ్మ.

ఆ వారం మీటింగులో ఆవిడ ఆ సంగతి ఎత్తింది. ఒక ఇంట్లో ఇవ్వగలిగినవాళ్లు ఎంతమంది ఉంటే అంతమందినీ ముందే, ఒకేరోజు, విడివిడిగా అడగాలంది. ఒకరి జవాబు బయటపడకముందే అందరి జవాబులూ రావాలి, మొదట కాదన్నవాడి బరువు చివర మిగిలినవాళ్ల మీద పడకూడదంది. ఊపిరితిత్తుల మాట తనే కల్పించాననీ, ఆ అబద్ధం ఆ ఇంట్లో ఏం చేసిందో కూడా చెప్పింది. పెద్ద సర్జను కుర్చీలో వెనక్కి వాలి విన్నాడు. అలా అడిగితే అందరూ వద్దంటే, అన్నాడు. అంటే రోగి పోతాడు సర్ అంది ఆవిడ.  మనం ఉన్నది రోగుల్ని బతికించడానికి కదా మేడం అన్నాడాయన, కోపం లేకుండానే. ఎవరూ ఆ మాటకి అడ్డు చెప్పలేదు. పెద్దాయన మాత్రం, ఇచ్చేవాళ్లు కూడా మన రోగులే కదండీ, అని కాగితాలు సర్దుకుంటూ అన్నాడు. చాలా తర్జనభర్జన తర్వాత, వీలైన చోట అలాగే చేద్దామని ఒప్పుకున్నారు. వీలైన చోట అంటే ఏమిటో అందరికీ తెలుసు. డాక్టరమ్మకీ తెలుసు.

కూతురి ఆపరేషను రోజున పెద్దాయనే ఆమెకి మత్తు ఇస్తానన్నాడు. డాక్టరమ్మ ఆ పొద్దున వరండా చివర నిలబడి చూసింది. స్ట్రెచర్ పక్కన ఒకవైపు తల్లి నడుస్తోంది, రెండోవైపు అన్న. మఫ్లరు లేదు. థియేటరు తలుపు దగ్గర ఆ అమ్మాయి అద్దాలు తీసింది. తల్లి వైపు చెయ్యి చాపి, ఏమనుకుందో ఏమో, మళ్లించి అన్నకి ఇచ్చింది.  అతను వాటిని రెండు చేతులతో పుచ్చుకుని, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అలాగే నిలబడ్డాడు. తలుపు మూసుకుంది. తల్లి బెంచీకి ఒక కొసన కూర్చుంది. కొడుకు రెండో కొసన కూర్చున్నాడు.

డాక్టరమ్మకి ఆ పూట వేరే గదిలో పని ఉంది. పిత్తాశయంలో రాళ్లున్న ఒక ముసలాయన. ఆయనకి గొట్టం వేసి, చివరికి లేపి, గదినుంచి పంపించేదాకా ఆవిడ బయటికి రాలేదు. వచ్చేసరికి పెద్దాయన చేతులు కడుక్కుంటున్నాడు. బాగా అయిందనీ, అమ్మాయి తేలిగ్గా లేచిందనీ చెప్పాడు. ఏమైనా అడిగిందా అంది డాక్టరమ్మ. మంచినీళ్లు అడిగిందన్నాడాయన. ఆవిడ తలూపి, తర్వాతి పేషెంటుని చూడటానికి వెళ్లింది.